సున్న చుట్టిన పేర్లు: కర్నూలు పాతబస్తీ హోల్‌సేల్ కొట్టు కేసు

2022 నవంబరులో ఒక సాయంత్రం తల్లీకూతుళ్ళు మా ఆడిట్ ఆఫీసుకు వచ్చారు. కూతురు బ్యాంకు నుంచి వచ్చిన ఉత్తరం టేబుల్ మీద పెట్టింది. తల్లి కూర్చోలేదు. "ఈ పిల్ల ఊరికే టెన్షన్ పడతాంది సామీ. బ్యాంకోళ్ళు ఏదో ఒకటి రాస్తానే ఉంటారు" అన్నది.

ఆ ఉత్తరం అంత తేలిగ్గా తీసుకునేది కాదు. కొట్టు మీద తీసుకున్న సీసీ (క్యాష్ క్రెడిట్) అప్పు లిమిట్ 40 లక్షలు. వాడుకున్నది 38 లక్షలు. కొత్తగా కట్టిన డ్రాయింగ్ పవర్, అంటే సరుకునూ రావలసిన బాకీలనూ చూసి బ్యాంకు వాడుకోనిచ్చే మొత్తం, 27 లక్షల 45 వేలు. తేడా పదిన్నర లక్షలు వెంటనే కట్టమన్నారు. అది సర్దకుండా వరసగా 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏలోకి, అంటే మొండి అప్పుల్లోకి, పోతుంది.

ఆ తల్లి పేరు, ఆమె కొట్టు పేరు రాయడం లేదు. గుర్తు పట్టకుండా అంకెలూ కొన్ని వివరాలూ మార్చాను. ఇక్కడ చెప్పే ఆదాయపు పన్ను సెక్షన్లు 1961 చట్టానివి, కేసు నడిచిన రోజుల్లో అమల్లో ఉన్నవి. చేయి పెద్దదైన వ్యాపారి ప్రతి ఊళ్ళోనూ ఒకరుంటారు కాబట్టి తోటి ఆడిటర్లకు, టాక్స్ ప్రాక్టీషనర్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఆమెది కోడుమూరు వైపు పల్లె. పాతబస్తీకి కోడలిగా వచ్చింది. మామగారిది బొరుగుల బట్టీ, ముందర చిన్న కొట్టు. భర్త నలభై దాటకుండానే పోయాడు. మూడో నెలలో ఆమె గల్లా దగ్గర కూర్చుంది. అప్పటికి ఆ బజారులో గల్లా మీద కూర్చున్న ఆడమనిషి ఇంకొకరు లేరట. బొరుగులకు తోడు పుట్నాలు, శనగనూనె, మిరపకాయలు, చింతపండు చేర్చింది. కర్నూల్లో పొద్దున లేస్తే బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీ. ఆ బండ్లు నడిపే ఆడవాళ్ళే ఆమె అసలు గిరాకీ. తెల్లారక ముందే వచ్చి సరుకు ఎత్తుకుపోతారు, అమ్ముకున్నాక మధ్యాహ్నం డబ్బు తెచ్చి ఇస్తారు. ఇచ్చినవాళ్ళు ఇస్తారు, లేనివాళ్ళు రేపంటారు. వ్యాపారం మొత్తం ఆ "రేపు" మీదే పెరిగింది. నా దగ్గరికి వచ్చేనాటికి టర్నోవర్ మూడు కోట్లు దాటింది.

2009 అక్టోబరు 2 గురించి చెప్పకుండా ఈ కేసు అర్థం కాదు. తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి పాతబస్తీ మునిగిన రోజు అది. కిందనున్న శ్రీశైలానికి పాతిక లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఆమె గోదాములో బొరుగుల బస్తాలు పైకప్పుకు తేలాయి, పప్పు బస్తాలు ఉబ్బి పగిలాయి. ఖాతా పుస్తకాలు కూడా పోయాయి. ఇన్సూరెన్స్ సర్వేయర్ కొనుగోలు బిల్లులు, స్టాకు రిజిస్టరు అడిగాడు. అవి అప్పటికే బురద. కాబట్టి క్లెయిము అడిగినదాంట్లో మూడో వంతు కూడా రాలేదు. అదే నెలలో ఆదోని నుంచి ఒక నూనె వ్యాపారి కాగితం ముక్క లేకుండా లారీ సరుకు దింపిపోయాడు. "మళ్ళీ నిలబడినాక ఇయ్యి అక్కా" అన్నాడట.

ఆ రెండింటి నుంచి ఆమె ఏం నేర్చుకోవాలని నేను అనుకుంటానో, ఆమె దానికి సరిగ్గా ఎదురుగా నేర్చుకుంది. నేనైతే బిల్లులు పై అంతస్తులో పెట్టాలని నేర్చుకునేవాణ్ణి. ఆమె నేర్చుకున్నది: కాగితం ఆదుకోదు, మనిషి ఆదుకుంటాడు.

మర్నాడు పుస్తకాలు తెప్పించాను. మొత్తం పదకొండు. పొడుగాటి ఎర్ర అట్ట ఖాతాలు, ఒక్కో పేరుకు ఒక్కో పేజీ. వీటిలోంచి కొట్టు గుమాస్తా ఏటా మార్చి నెలాఖరుకు మొత్తం తేల్చి, రావలసిన బాకీలని ఒకే అంకె మా ఆఫీసుకు పంపేవాడు. మేము దాన్ని బ్యాలెన్స్ షీటులో పెట్టేవాళ్ళం. చిన్న బాకీదారులు వందల్లో ఉన్నారు కదా అని పేరుపేరునా ఎవరూ అడగలేదు. తప్పు మాదే, ఒప్పుకుంటున్నాను. బ్యాంకులో కొత్తగా వచ్చిన మేనేజరు అడిగాడు. రావలసినవి 61 లక్షలు, అందులో 90 రోజులు దాటినవి 44 లక్షలు. పాత బాకీలను డ్రాయింగ్ పవర్‌కు లెక్కించరు. అంతకు ముందు సంవత్సరాల్లో వయసు చూడకుండా మొత్తం 61 మీదా కట్టారు కాబట్టే లిమిట్ అంతా వాడుకోగలిగింది. నిబంధన పాతదే, దాన్ని చూసిన మనిషే కొత్త.

పుస్తకాల్లో కొన్ని పేర్ల పక్కన పెన్సిల్‌తో చిన్న సున్న చుట్టి ఉంది. బాకీ తీరిపోయిందనుకుని మా అసిస్టెంటు ఆ పేజీలు పక్కన పెట్టేశాడు. తీరా కూడికలు చూస్తే కింద బాకీ అట్లాగే ఉంది. అమ్మను అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అవి అడగగూడనివి" అన్నది.

"అడగకూడనివి అంటే, వదిలేసినట్టా?"

"వదిలేసేదేంది సామీ. ఉంటే వాళ్ళే ఇస్తారు. నేను అడిగేకి పోను, అంతే."

ఇక్కడ ఒక మాట. మా వైపు "లెక్క" అంటే డబ్బు. "లెక్క యాడుంది" అంటే డబ్బు ఎక్కడుందని. నేను ఆ నెలంతా "లెక్క చూపండమ్మా" అంటున్నాను, ఆమెకు "డబ్బు చూపించు" అని వినబడుతోంది. నిజానికి ఆమె విన్నదే కరెక్టు. పుస్తకంలో ఉన్న నా లెక్కలో ఆమె లెక్క లేదు.

నాలుగు ఆదివారాలు కూర్చున్నాం. ఒక్కో పేజీ తిప్పి ఆమె చెబుతుంటే కూతురు రాసుకుంది. ఫలానావాళ్ళ బండి కార్పొరేషన్‌వాళ్ళు ఎత్తుకుపోయినారు, ఈమె మొగుడికి డయాలసిస్, ఈ పిల్ల ఇప్పుడు హైదరాబాదులో ఉంది, ఈయన చచ్చిపోయినాడు. ఇంత మందిని ఇంత వివరంగా గుర్తు పెట్టుకున్న క్రెడిట్ రికార్డు నేను ఏ బ్యాంకులోనూ చూడలేదు. 44 లక్షలు చివరికి ఇట్లా విడిపోయాయి: నిజంగా వసూలు చేయదగ్గవి 13 లక్షలు, మనిషి పోయో వ్యాపారం మూతపడో ఇక రానివి 9 లక్షలు, సున్న చుట్టినవి 14 లక్షలు, ఇవి కాక సరుకుతో సంబంధం లేకుండా ఆసుపత్రికీ ఫీజులకూ చేతికిచ్చిన డబ్బు 8 లక్షలు.

నన్ను ఆశ్చర్యపరిచింది మొదటి ముక్క. ఆ 13 లక్షల్లో బండ్ల ఆడవాళ్ళు దాదాపు లేరు. ఒక్క క్యాటరింగ్ కాంట్రాక్టరుదే 5 లక్షల 60 వేలు. కారులో తిరుగుతాడు, కళ్యాణ మండపాలు లీజుకు తీసుకుంటాడు. కనబడినప్పుడల్లా "అమ్మ దయ" అంటాడు, కాళ్ళకు మొక్కుతాడు. మిగతావి రెండు హోటళ్ళు, నాలుగైదు కిరాణా కొట్లు. అడగని చోట లేనివాడితో పాటు ఉన్నవాడు కూడా దాక్కుంటాడు. ఈమె సున్న చుట్టింది ఉగ్గాని బండ్ల పేర్లకే అయినా, ఆ మెత్తదనం బజారంతా తెలిసిపోయింది. ఆ 13 లక్షల్లో ఆరు నెలల్లో 7 లక్షల 80 వేలు వచ్చాయి. వసూలుకు ఆమె పోలేదు, కూతురు పోయింది. కాంట్రాక్టరు రెండు చెక్కులిచ్చాడు, మొదటిది బౌన్సయింది. ఆరు లక్షల ఫిక్సెడ్ డిపాజిట్ ముందే మూసి బ్యాంకు ఖాతాకు కట్టాం. వాయిదాలుగా సర్దుబాటు చేస్తామని రాసిచ్చాం. ఫిబ్రవరికల్లా సీసీ దారిలోకి వచ్చింది.

పన్ను వైపు పని ఇంకా చిక్కు.

ముందు 9 లక్షలు. మొండి బాకీ సెక్షన్ 36(1)(vii) కింద తగ్గించుకోవచ్చు. బాకీ మొండిదైందని ఋజువు చేయనక్కర్లేదు, పుస్తకాల్లో రానిదిగా కొట్టేస్తే చాలని టీఆర్ఎఫ్ లిమిటెడ్ కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ 36(2) ఒకటుంది. ఆ బాకీ ఇంతకు ముందు ఆదాయంగా లెక్కలోకి వచ్చి ఉండాలి. అంటే ఆ సరుకు బిల్లయి, అమ్మకాల్లో కలిసి ఉండాలి. ఆమె తెల్లవారుజామున చీటీ మీద ఇచ్చిన సరుకులో కొంత బిల్లే కాలేదు. స్టాకు తరుగు కింద ఎక్కడో సర్దేశారు. బిల్లు దొరికిన 6 లక్షల 40 వేలే కొట్టేశాం, మిగతాది ఆమె మూలధన ఖాతాకు వేశాం. నూనె అమ్మకాల మీద అప్పటికే కట్టిన జీఎస్టీ వెనక్కి రాదు. బాకీ మునిగిందని ఔట్‌పుట్ టాక్స్ తగ్గించుకునే దారి మన జీఎస్టీలో లేదు. లేబులు ప్యాకెట్లలో కాకుండా విడిగా అమ్మే బొరుగులకు జీఎస్టీ లేదు కాబట్టి అక్కడ బతికిపోయాం.

సున్న చుట్టిన 14 లక్షల దగ్గర మా ఆఫీసులోనే గొడవ పడ్డాం. టీఆర్ఎఫ్ తీర్పు ఉంది కదా, ఇవి కూడా కొట్టేద్దామని మా జూనియర్. నేను ఒప్పుకోలేదు. అవతలి మనిషి ఇవ్వలేకపోవడం వేరు, ఇవతలి మనిషి అడగకపోవడం వేరు. సున్న ఉన్న పేర్లలో సగం మంది ఇప్పటికీ రోజూ సరుకు కొంటున్నారు, రోజూ డబ్బు కడుతున్నారు. పాత బాకీ మాత్రం ఆమె అడగదు. దాన్ని మొండి బాకీ అనడం నాకు నిజమనిపించలేదు. రేపు ఆఫీసరు "ఈమెకు నిన్న కూడా అమ్మారు కదా" అంటే నా దగ్గర జవాబు లేదు. అది ఆమె ఇచ్చిన దానం. దానమైతే ఆమె సొంత మూలధనంలోంచి పోవాలి. పన్ను తగ్గింపు రాదు. జూనియర్ ఇప్పటికీ నేను మరీ భయస్థుణ్ణని అంటాడు, కావచ్చు.

చేతికిచ్చిన 8 లక్షలకు ఆ చర్చే లేదు. అది వ్యాపార బాకీ కాదు, నేరుగా సొంత వాడకం.

దీనికి ఇంకో తోక ఉంది. అప్పు తెచ్చిన డబ్బు వ్యాపారానికి వాడితేనే దాని వడ్డీ 36(1)(iii) కింద ఖర్చవుతుంది. వసూలయ్యే 13 పోగా మిగిలిన 31 లక్షలు సీసీ డబ్బే. ఆమెకు పడుతున్న వడ్డీ 11 శాతం. నెలకు సుమారు 28 వేల రూపాయల వడ్డీ, సరుకు మీద కాదు, దయ మీద. ఈ మాట చెప్పినప్పుడే ఆమె మొదటిసారి కుర్చీలో కూర్చుంది.

"అంటే నేను పెట్టింది బ్యాంకోళ్ళ సొమ్మా?" అన్నది.

ఔనని చెప్పేకి నాకూ మనసు రాలేదు, కానీ చెప్పాను.

మా జిల్లాలో దానం మాట వస్తే ఎవరైనా ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి పేరే ఎత్తుతారు. ఆ ఊరు ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి పోయింది. 1866 కరువులో వేల మందికి గంజి పోసిన మనిషి, విక్టోరియా రాణి బంగారు పతకం పంపిన మనిషి. ఆమె కూడా ఎత్తింది. "వెంగళరెడ్డి లెక్క రాసుకున్యాడా?" అని. వెంగళరెడ్డికి సీసీ లిమిట్ లేదమ్మా అన్నాను. పాతరలో గింజలు తోడుతుంటే అడుగు కనబడుతుంది. బ్యాంకు ఖాతాకు అడుగు ఉత్తరంలో వస్తుంది.

బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు ఒక పరిష్కారంతో దిగాడు. అమ్మ పేరు మీద ట్రస్టు పెట్టి 80జీ, అంటే దానానికి పన్ను తగ్గింపు, తెచ్చుకుందామని. చాలామంది క్లయింట్లు ఇక్కడే మొదలుపెడతారు కాబట్టి ఎందుకు వద్దన్నానో చెబుతాను. 80జీ వస్తురూపంలో ఇచ్చినదానికి రాదు. ఈమె దానంలో ముప్పాతిక భాగం బొరుగులు, నూనె, బియ్యమే. నగదు 2,000 దాటితే రాదు. మామూలు ట్రస్టుకు ఇస్తే సగానికే తగ్గింపు, అదీ సర్దుబాటు చేసిన స్థూల ఆదాయంలో పది శాతం పరిమితికి లోబడి. కొత్త పన్ను విధానంలో ఉంటే అదీ లేదు. ఇంతా చేసి 12ఏబీ రిజిస్ట్రేషను, మొదట మూడేళ్ళకు తాత్కాలికం, ఏటా మే 31 లోపు దానాల వివరాలతో 10బీడీ ఫారం. వచ్చే లాభం కన్నా నా ఫీజు ఎక్కువ. పైగా ట్రస్టు పెట్టినా ఆ సాయం ఆమె సొంత గిరాకీలకే పోతుంది, అది దానమా వ్యాపారమా అని మరో ప్రశ్న. ఆమె మాత్రం ఇవేవీ వినకుండా ఒక్క మాటతో తేల్చేసింది: "నా పేరుతో బోర్డు పెడితే రేపట్నుంచి నేను ఆ బజార్లో నడవలేను."

పాత వర్తకులు బిల్లు మీద ధర్మాదా అని ఒక గీత వేసేవాళ్ళు. బస్తాకు ఇంతని ధర్మానికి తీసి వేరే ఖాతాలో ఉంచేవాళ్ళు. అట్లా విడిగా వసూలైన సొమ్ము వ్యాపారి రాబడి కాదని 1979లో బిజ్లీ కాటన్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. ఇప్పుడు బిల్లులో ఆ గీత వేయమని నేను చెప్పను, గిరాకీ ఒప్పుకోడు, జీఎస్టీలో వేరే తలనొప్పి. కానీ ఆ పద్ధతి వెనకున్న తెలివి తీసుకున్నాం. "ధర్మం ఖాతా" అని వేరే సేవింగ్స్ ఖాతా తెరిచాం. ప్రతి నెలా ఒకటో తేదీ ఆమె సొంత వాడకం కింద 30 వేలు దానికి మారుతుంది. పెద్దాసుపత్రి దగ్గర సోమవారాల్లో పెట్టే చిత్రాన్నం, ఫీజులు, మందులు అన్నీ దాంట్లోంచే. అనంతపురం నుంచి, గద్వాల నుంచి, రాయచూరు నుంచి రోగుల వెంట వచ్చినవాళ్ళు ఆ ఆసుపత్రి ఆవరణలోనే పడుకుంటారు, ఆ చిత్రాన్నం ఆపే ప్రశ్నే లేదు. కొట్టు నుంచి పోయే నూనె టిన్నులకు కూడా సొంత వాడకం అని రాసి, జీఎస్టీ సెక్షన్ 17(5)(h) ప్రకారం ఉచితంగా ఇచ్చిన సరుకు మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టి తర్వాత తగ్గించుకున్న పన్ను) వెనక్కి కట్టాం. చిన్న మొత్తమే, అయినా కట్టాలి.

"నెలాఖరుకు ఖాళీ అయితే?" అని అడిగింది.

"ఒకటో తేదీ దాకా ఆగాలి."

"ఆకలి క్యాలెండరు చూసుకుని వస్తుందా సామీ?"

జవాబు లేక 40 వేలు చేశాను.

ఐదు నెలలు బ్రహ్మాండంగా నడిచింది. కొట్టులో కొత్త ఉద్దెర రెండు వారాలు దాటడం లేదు. నేను నా పద్ధతి గురించి ఇద్దరు ముగ్గురు స్నేహితులకు గొప్పగా చెప్పుకున్నాను కూడా. 2023 ఆగస్టులో అదే బజారులోని ఇంకో హోల్‌సేల్ వ్యాపారి, మా పాత క్లయింటే, మాటల్లో అన్నాడు: "ఆ యమ్మ జామీనుంది కదా అని ఇస్తాండా."

ఏం జామీను?

తన కొట్టులో ఉద్దెర ఆపినాక ఆమె బండ్లవాళ్ళను పక్క కొట్టుకు పంపుతోంది. "ఇయ్యి, నేనున్నా" అని ఒక్క మాట. అట్లా పదిహేడు మంది, సుమారు 3 లక్షల 20 వేలు. ఎక్కడా రాత లేదు. నోటి మాటకు విలువేముంది అనుకుంటారు చాలామంది. 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 126 ప్రకారం జామీను నోటితోనైనా చెల్లుతుంది. నేను పుస్తకంలోంచి బయటికి తీసిన దానం పుస్తకానికే అందని చోటికి పోయి కూర్చుంది. ఇంతకు ముందు కనీసం సున్న అయినా ఉండేది.

ఈ కేసులో నేను నిజంగా నేర్చుకున్నది ఇక్కడే. ఆమె చేస్తున్న పనిని నేను మొదటినుంచీ దానం అనే చూశాను. సగం దానమే. మిగతా సగం, తెల్లవారుజామున రెండు వేల సరుకు లేకపోతే ఆ రోజు బండి తిరగని మనిషికి పెట్టుబడి. దానికి ఖాతాలో కోత పెడితే ఆ అవసరం తగ్గదు, ఇంకో గుమ్మం వెతుక్కుంటుంది. ఆ బండ్లవాళ్ళకు ఆమే బ్యాంకు, తనఖా లేని బ్యాంకు.

అప్పుడు చేయవలసిన పని చేశాం, ఆలస్యంగా. కూతురు, మా జూనియర్ కలిసి ఆ పదిహేడు మందినీ మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) సిబ్బంది దగ్గరికి తీసుకెళ్ళారు. వీధి వ్యాపారులకు 2020లో వచ్చిన పీఎం స్వనిధి కింద అప్పట్లో మొదట 10 వేలు, అది తీరిస్తే 20 వేలు, తర్వాత 50 వేలు ఇచ్చేవాళ్ళు, వేళకు కడితే 7 శాతం వడ్డీ రాయితీ. అందులో ఐదుగురు అప్పటికే ఒకసారి తీసుకుని తీర్చేశారు, రెండోది వస్తుందని వాళ్ళకు తెలియదు. ఇద్దరికి ఆధార్‌లో పేరు ఒకటి, బ్యాంకులో ఒకటి. ఒకామెకు ఫోన్ నంబరే కొడుకుది, కొడుకు మాట్లాడడు. నాలుగు నెలలు తిరిగితే పదకొండు మందికి అప్పు అందింది. మిగిలిన ఆరుగురి కోసం కొట్టులోనే పద్ధతి పెట్టాం: ఒక్కొక్కరికి 5 వేల దాకా ఉద్దెర, బిల్లుతో, గడువుతో. పక్క కొట్టు జామీను నెలకు కొంత చొప్పున తీరింది. అందులో 70 వేలు ఆమే కట్టింది, ధర్మం ఖాతాలోంచి. ఆ నెల చిత్రాన్నం ఆగలేదు. ఎట్లా ఆగలేదో నేను అడగలేదు.

2024 మార్చి నాటి బ్యాలెన్స్ షీటులో రావలసిన బాకీలు 19 లక్షలు. 90 రోజులు దాటినవి రెండున్నర. ఆమె మూలధనం కాగితం మీద బాగా కరిగింది. కొడుక్కి బాధ, బ్యాంకుకు సంతోషం. లిమిట్ రెన్యువల్ అయింది. క్యాటరింగ్ కాంట్రాక్టరు ఇంకా 90 వేలు బాకీ, ఇప్పుడు కనబడితే కాళ్ళకు మొక్కడం మానేశాడట.

ఇప్పుడు పుస్తకాలు లేవు, అంతా ట్యాలీ సాఫ్ట్‌వేరే. కూతురే చూసుకుంటుంది. కంప్యూటర్లో పేరు పక్కన పెన్సిల్‌తో సున్న చుట్టడానికి వీల్లేదు కాబట్టి, బాకీదారుల కింద "సున్న" అని ఒక గ్రూపు పెట్టింది. అందులోకి వచ్చిన బాకీ ఏ నెలకా నెల ధర్మం ఖాతాకు మారిపోవాలని మా ఒప్పందం. మొన్న మార్చి నెలాఖరున చూస్తే నాలుగు పేర్లు మారకుండా మిగిలాయి. మూడింటికి కూతురి దగ్గర వివరం ఉంది. నాలుగోది ఎవరో తనకూ తెలియదన్నది. అమ్మను అడిగి చెప్పమన్నాను.

సాయంత్రం ఫోన్ చేసింది. "అడిగినా సార్. అడగగూడదని కదా దాంట్లో పెట్టింది, మళ్ళీ నన్ను అడుగుతావేంది అని తిట్టింది."